నాయన తిట్టిన చింతచెట్టు

చెట్లను కాపాడమని మా నాయన కట్టిన పాట వల్ల బాగుపడినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను చెట్లు కొని నరికించే వ్యాపారి. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నాయన ముందర అనరు. అమ్మ ఒక్కతే అంటుంది, అదీ ఆయన వినేటట్టు అంటుంది.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. నాయన సెనక్కాయ పండిస్తాడు. అంటే ఏటా విత్తుతాడు, పండడం పండకపోవడం ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నవి చెక్కలు. చెక్కభజన జట్టుకు ఆయన గురువు. ఇత్తడి బిళ్ళలు బిగించిన చెక్కలు రెండు చేతుల్లో పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఎగురుతూ పాడతారు. గురువు మధ్యలో నిలబడి ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. నాకు ఆ విద్య అబ్బలేదు. మండలంలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాను, దాంతో పాటే మైకుసెట్టు, గూడ్సు ఆటో. జట్టు ఎక్కడికి పోయినా వాళ్ళను మోసేది నా ఆటో, వాళ్ళ గొంతును మోసేది నా మైకు. పాట రానివాడికి మా జట్టులో ఇంతకంటే గౌరవమైన పని లేదు.

కొన్నేళ్ళ కిందట పర్యావరణం గురించి పనిచేసే ఒక సంస్థ సారు మా ఇంటికి వచ్చాడు. భుజాన గోనెసంచీలాంటి సంచీ, నోట్లో చాలా మంచి తెలుగు. చెట్లు కొట్టేస్తున్నందువల్లనే మన ప్రాంతం ఇట్లా అయిందని, జనానికి ఉపన్యాసం చెప్తే వినరు గాని పాటగా చెప్తే వింటారని అన్నాడు. నాయన చాలా శ్రద్ధగా విన్నాడు. ఆయనంత శ్రద్ధగా వినడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత తెలిసింది, సారు మాట్లాడుతున్నంత సేపూ ఈయన లోపల పల్లవి కట్టుకుంటున్నాడని.

పాట బాగా వచ్చింది. ఈ మాట కొడుకుగా చెప్పడం లేదు. రాముడి పాటలకు లేచిపోయే పడుచుపిల్లలు కూడా ఈ పాటకు కూర్చున్నారు. అయితే మా జట్టుకు ఒక నియమం ఉంది. నాయనకు నేర్పిన గురువు పెట్టిపోయింది. ఏ ఊరికి పోయినా ముందు ఆ ఊరిని పొగడాలి, పొగడకుండా చెక్క ఎత్తకూడదు. పాత రోజుల్లో ఊరి దేవతను, ఊరి ఎద్దులను, ఊళ్ళో పెట్టుపోతలున్న పెద్దమనిషిని పొగిడేవాళ్ళు. చెట్ల పాటలో పెద్దమనిషిని పొగిడితే ఏం బాగుంటుందని నాయన ఊళ్ళో పెద్ద చెట్టును పొగడడం మొదలుపెట్టాడు. సారు ఇది విని కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నమే ఊరికి చేరేవాళ్ళం. నేను మైకు కట్టుకుంటూ ఉంటే నాయన ఎవరినో వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి పోయేవాడు. చుట్టూ తిరిగేవాడు, బెరడు మీద చెయ్యి వేసేవాడు, ఎవరి చేనులో ఉంది, ఎవరు నాటారు, ఎన్ని గొర్రెలు పడుకుంటాయి, అన్నీ అడిగేవాడు. పొద్దు వాలేసరికి ఆ చెట్టుకు ఒక చరణం తయారు. ఒక ఊరి చింతకు కట్టింది ఇట్లా ఉంటుంది:

ముగ్గురం చేతులిస్తే ముడిపడదు ఈ చింత
మంద వచ్చి పండుకున్నా మిగులు నీడ ఈ చింత
తారురోడ్డు దిగంగానే తల ఊపే ఈ చింత
దీని మీద గొడ్డలెత్తే చెయ్యి యాడిదన్నా

చరణం అయ్యాక ఆ చెట్టు ఆసామిని ముందుకు పిలిచి, నాయన తన భుజం మీది తువ్వాలు అతని మీద కప్పేవాడు. మీసాలున్న మనుషులు ఏడ్చేవాళ్ళు. ఆ చెట్టు కింద తాము ఉచ్చ పోసుకున్న సంగతులు కూడా అప్పుడు వాళ్ళకు పవిత్రంగా గుర్తొచ్చేవి. నాకు నిజంగా గర్వంగా ఉండేది. మైకు పెట్టె మీద కూర్చుని, ఇంకా కొంచెం గొంతు పెంచుదామా అని చూసుకునేవాణ్ణి.

సంస్థవాళ్ళు ప్రతి కార్యక్రమాన్నీ వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. ప్రతిదానికీ కింద ఊరి పేరు, మండలం పేరు శుభ్రంగా రాశారు. పనిని ఇంత పద్ధతిగా చేసేవాళ్ళను మా వైపు అరుదుగా చూస్తాం.

ఒకసారి వేరే ఊరికి పోతూ, ఆ తారురోడ్డు పక్క చింత కింద ఆటో ఆపి బువ్వ తిందామని నాయన అన్నాడు. రోడ్డు దిగాం. తల ఊపేది ఏదీ కనబడలేదు. దారి తప్పామేమోనని నేను వెనక్కి తిప్పబోయాను. నాయన దిగి నడిచి, నేలకు సమంగా కోసిన మొద్దు పక్కన నిలబడ్డాడు. ఎర్రగా, తడిగా ఉందింకా. అంతలో ఆసామి సైకిలు మీద వచ్చాడు. సిగ్గుపడతాడనుకున్నాను. సంతోషంగా దిగి నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చెయ్యి మంచిదప్పా. ఇన్నేండ్లు ఎవడూ అడిగినోడు లేడు. నువ్వు పాడిపోయినావు, వారం తిరక్కుండానే వచ్చి కొనుక్కొని పోయినారు. పాటలోకెక్కిన చెట్టని నేను కూడా బిగబట్టినా, మంచి రేటు పలికినాది," అన్నాడు. నాయన బువ్వ మూట విప్పలేదు. ఎండలోనే ఆటో ఎక్కాడు.

ఆ తర్వాత చూసుకుంటే పాడినవాటిలో చాలా చెట్లు లేవు. వేపలు సామిల్లుకు పోయాయి. చింతలు ఇటుక బట్టీలకు, మాంసం కొట్టే మొద్దులకు పోయాయి. పాడనివి మాత్రం ఎక్కడివక్కడ హాయిగా ఉన్నాయి.

వ్యాపారి నా అంగడికే వచ్చాడు ఒకరోజు, ఫోనుకు అద్దం మార్పించుకోవడానికి. కర్ణాటక సరిహద్దు దాకా చెట్లు కొనే మనిషి. మాట మెత్తన. గోడ మీద జట్టు ఫోటోలో నాయనను చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"మీ నాయనా అన్నా? ఆయన పాట నేను దినామూ వింటా. ముందు చెట్టు కోసరం ఊరూరూ బండేసుకొని తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లోనే కూచోని ఫోను చూస్తే యా ఊర్లో, ఎవురి చేన్లో, ఎంత లావుండాదో అంతా తెలుస్తాండాది," అన్నాడు. మొహమాటపడుతూ, "ఒకటి చెప్పల్ల, తప్పుగా అనుకోవద్దు. ముగ్గురు చేతులిస్తే ముడిపడదు అని పాడినాడు గదా. ఇద్దరికే అందినాదన్నా. పాటను నమ్మి బేరం జేసినా. కొంచెం చూసుకొని పాడమను," అన్నాడు.

నాకు నవ్వాలో అతన్ని అంగడిలోంచి తోసెయ్యాలో తెలియలేదు. అద్దం మార్చి పంపించాను. సాయంత్రం ఉన్నదున్నట్టు నాయనకు చెప్పాను. ఆయనకు ముందు వచ్చిన కోపం చెట్లు పోయినందుకు కాదు.

"ఇద్దరికే అందినాదా? వానికేం తెలుసురా. నేనే పట్టి చూసినా. వాని మనుషుల చేతులు పొడుగేమో," అన్నాడు. బయటికి పోయి బీడీ ముట్టించి, మళ్ళీ లోపలికి వచ్చి, "ఐతే నేను పాడిందంతా వానికి దారి చెప్పినట్టే గదా," అన్నాడు. ఆ పూట సంగటి ముద్ద సగం వదిలేశాడు.

పాట మానేద్దామంటే మానేటట్టు లేదు. సారు ఊళ్ళ వరస ముందే రాసి పెట్టాడు. పైగా చెక్క పట్టకుండా నాయన ఉండలేడు, ఆయన బతుకులో వాన కంటే నమ్మకంగా వచ్చేది అదొక్కటే. సరే, చెట్టు ఎక్కడుందో చెప్పకుండా పాడి చూశాడు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. "మా చెట్టు యాడుండాదో చెప్పలేదే, పక్కూరోళ్ళు వాళ్ళదనుకుంటారు" అని మైకు లాక్కుని వాళ్ళే చెప్పారు. లావు తగ్గించి పాడితే ఆసామి కోప్పడ్డాడు. ఈ లోగా ఒకాయన మా ఇంటికే వచ్చి, తన వేపకు బేరం కుదరడం లేదు, ఒక చరణం కట్టి పుణ్యం కట్టుకోమని అరటిపండ్లు పెట్టాడు. నాయన ఆ పండ్లు పాలిచ్చే ఎనుముకు వేశాడు.

దారి చూపింది అమ్మే. ఆమె చెక్కభజనను ఏనాడూ మెచ్చుకోలేదు, ఎగిరి ఎగిరి మోకాళ్ళు పోతాయని గొణగడం తప్ప. ఒకరోజు చేటలో సెనగ్గింజలు ఏరుతూ, తల ఎత్తకుండానే అంది.

"పసిబిడ్డను ఎవురన్నా బాగుందంటే ఏం జేస్తామయ్యా? బుగ్గన మసి చుక్క పెడ్తాం. నల్లగుండాది, పీలగుండాది అని మనమే అంటాం. నువ్వు చెట్టును పట్టుకోని ఊరంతా వినేటట్టు బాగుండాది బాగుండాది అంటే దిష్టి తగలకుండా యాడికి పోతాది? పొగిడింది చాలు. తిట్టు."

ఆమె చెప్పింది సరే అని ఒప్పుకోవడం నాయనకు అలవాటు లేదు. కాని మరుసటి రోజు నుంచి పెండ్లిళ్ళలో ఆడవాళ్ళు వియ్యపురాలిని ఎత్తిపొడిచే పాటల వరసలు ముక్కులో తీస్తూ తిరిగాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడే మా అత్తతో తంటా వచ్చింది. అత్త అంటే నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. యాడికి అనే ఊరి వైపు ఇచ్చారు. మామ పోయి చాలా కాలమైంది. బావ, అంటే ఆమె కొడుకు, కొంచెం మెట్ట సేద్యం చేస్తాడు. ఆ చేను గట్టున ఒక చింత ఉంది. అంత చింతను నేను మా జిల్లాలో ఇంకెక్కడా చూడలేదు. మామ పోయిన తర్వాత ఆ ఇల్లు నిలబడింది సగం ఆ చెట్టు కాపు మీదనే. ఏటా కొత్త చింతపండు, పెంకు తీసి, ఈనె తీసి, గింజ తీసి, ఉప్పు కలిపి ముద్దలు చేసి, మా ఇంటికి పంపేది. అమ్మ ఆ ముద్ద చూసి, ఆడబిడ్డ మంచిది గాబట్టి ఈ ఇంట్లో ఉండానని అనేది.

నాయన ఊరూరా చెట్లకు పాటలు కడుతున్న సంగతి అత్తకు ఫోన్లోనే తెలిసింది. వీడియోలన్నీ చూసింది. చూసి మా ఇంటికి వచ్చింది.

"అన్నా, ముక్కూ మొగం తెలీనోళ్ళ చెట్లన్నిటికీ పాట కట్టినావు. నా చింత ఏం పాపం జేసింది?" అని అడిగింది.

నాయన నీళ్ళు నమిలాడు. ఆయన ఎందుకు నమిలాడో నాకు తెలుసు. బావ బోరు వేయించాలని డబ్బు కోసం తిరుగుతున్నాడు. పాట వస్తే వ్యాపారి వస్తాడు, వ్యాపారి వస్తే రేటు వస్తుంది, రేటు వస్తే బావ కాదనడు. ఇది చెప్పాలంటే 'నీ కొడుకు చెట్టు అమ్ముకుంటాడు' అని చెల్లెలి ముఖాన అనాలి. ఆ మాట ఆయన అనలేడు. అందుకని "చూద్దాంలే" అన్నాడు. అత్తకు అది ఎట్లా వినపడిందో ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. పెండ్లయి పోయిన ఆడపిల్ల, మొగుడు లేనిది, పుట్టింటివాళ్ళకు ఆమె చెట్టు కూడా లోకువే. కాఫీ తాగకుండా బస్సెక్కింది.

సరిగ్గా ఆ తర్వాతి వరసలోనే సారు ఆ ఊరిని పెట్టాడు. గురువు పెట్టిన నియమం ప్రకారం ఊళ్ళో పెద్ద చెట్టును పాడక తప్పదు. ఆ ఊళ్ళో పెద్ద చెట్టు అత్త చింతే, దానికి పోటీ లేదు. మేము ఆటో దిగేసరికి అత్త కొత్త చీర కట్టుకుని ఉంది. అన్న పాడతాడని ఊరంతా తిరిగి చెప్పుకుంది. జట్టు మొత్తానికి రాగిసంగటి, చెనగాకు పప్పు, ఊరిబిండి పచ్చడి చేసి పెట్టింది. నాయన ఆ మధ్యాహ్నం చింత దగ్గరికి ఒక్కడే పోయాడు. చాలాసేపటికి వచ్చాడు. ముఖం కడుక్కుని గజ్జెలు కట్టుకున్నాడు.

ముందు వరసలో పిల్లల పక్కన వ్యాపారి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. నాకు దూరం నుంచే దండం పెట్టాడు. అతని వెనక బావ ఉన్నాడు. వాళ్ళిద్దరూ అప్పటికే పలకరించుకున్నారని చూస్తే తెలుస్తూనే ఉంది.

నాయన చెక్కలు ఎత్తాడు. వరస వినగానే ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అది పెండ్లిలో తిట్టే వరస.

తొర్ర జూస్తే గుడ్లగూబ, కొమ్మ జూస్తే పురుగు తిండి
ఏమి జూసి నిలబెట్టిరో ఈ ముసల్దాన్ని ఈడ
కాయ కొరికితే వగరు, కట్టె కాలిస్తే పొగ
వద్దప్పా వద్దు ఈ సంబంధం మాకొద్దు

జనం పడిపడి నవ్వారు. జట్టువాళ్ళకు కూడా ఉత్సాహం వచ్చింది, ఎప్పటికంటే ఎత్తుకు ఎగిరారు. నాయన ఆగలేదు. దాని కాండం లోపల గుల్ల అన్నాడు, రంపం పెడితే చెదలు రాలుతాయన్నాడు, దానికంటే కంపచెట్టు నయమన్నాడు. వ్యాపారి మొదట నవ్వాడు, తర్వాత నవ్వు తగ్గించి ఆలోచనలో పడ్డాడు. ఆ మనిషికి నాయన పాట మీద అంత నమ్మకం. ముగ్గురు అన్నచోట ఇద్దరికి అందినా మళ్ళీ నమ్మాడు. పాట అయ్యేలోపల లేచి పోయాడు. బావ తల వంచుకుని చెప్పు కొనతో నేల గీకుతున్నాడు.

అత్త కోసం చూశాను. గోడ పక్కన నిలబడి ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెను పొడిచి పొడిచి నవ్వుతున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వడానికి కాదు. నాకు ఆ క్షణం నాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. చెట్టు బతికితే బతకనీ, చస్తే చావనీ, ఆమెను అట్లా నిలబెట్టకుండా ఉండాల్సింది అనిపించింది.

అయినా అత్త అందరికీ వడ్డించింది. నాయనకూ వడ్డించింది, నేను చూస్తూనే ఉన్నాను, ముద్ద కూడా చిన్నది కాదు. జట్టువాళ్ళందరినీ ఇంకొంచెం వేసుకోమని బతిమాలింది. నాయన ఆకు దగ్గరికి మాత్రం ఆమె రెండోసారి రాలేదు. ఆయన చెయ్యి ఎండేదాకా కూర్చుని, లేచి పోయి కడుక్కున్నాడు. తిరుగు దారిలో ఆటోలో, "చెట్టు పోతే మళ్ళా తేలేను. కోపమంటావా, ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతాది," అని నాయన తనకు తానే అనుకున్నాడు.

సారుకు కూడా కోపం వచ్చింది. చెట్లను తిట్టే పాటకు పర్యావరణ సంస్థ ఎట్లా ఖర్చుపెడుతుందని అడిగాడు. జనంలోకి మంచి సందేశం పోవాలన్నాడు. వ్యాపారి సంగతి నాయన చెప్పబోయాడు గాని, సారు దాన్ని నమ్మేటట్టు లేడు. మా కార్యక్రమాలు ఆపేసి ఇంకో జట్టును పెట్టుకున్నారు. వాళ్ళు చెట్లను చాలా అందంగా పొగుడుతున్నారు, ఊరి పేరుతో సహా. వ్యాపారి ఈ మధ్యనే కొత్త లారీ తీశాడు.

అత్త మా ఇంటికి రావడం మానేసింది. ఫోను చేస్తే బావ ఎత్తి, వాళ్ళమ్మ పనిలో ఉందనేవాడు. ఎత్తిన ప్రతిసారీ నేను చెట్టు ఎట్లా ఉందని అడిగేవాణ్ణి. "ఉండాది. దాన్ని ఎవడు కొంటాడప్పా, మీ నాయన అంత మాటన్నాక," అనేవాడు. అతని బోరు సంగతి నేను అడగలేదు. అతని కష్టం నాకు తెలియక కాదు.

నాయన పైకి ఏమీ లేనట్టే ఉన్నాడు. అయితే బస్సు వచ్చే వేళకు రోడ్డు మీది అంగడిలో పనేదో ఉందని పోయేవాడు. పనేమీ ఉండేది కాదు.

ఈ ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు యాడికి వైపు బస్సు కండక్టరు ఒక గోనె మూట దించి పోయాడు. అత్త పంపింది. అమ్మ విప్పింది. చింతపండే. కాని ముద్దలు కాదు. చెట్టు మీదినుంచి రాల్చినవి రాల్చినట్టే, పెంకుతో, ఈనెలతో, గింజలతో, మధ్యలో రెండు పుల్లలు, ఆకులు. "చూడు మీ ఆడబిడ్డ మర్యాద," అని అమ్మ నాయనకు చూపించింది. ఆమెకు నిజంగానే బాధేసింది.

నాయన మాత్రం మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాయలు ఎత్తి చూశాడు. ఒకదాని పెంకు పగలగొట్టి నోట్లో వేసుకున్నాడు. "బాగా కాసినాది," అన్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, నేల మీద గోనె పరుచుకుని, రోకలిబండ తెప్పించుకుని, ఆడవాళ్ళు చేసే ఆ పనికి తానే కూర్చున్నాడు. పెంకు ఒకవైపు, గింజ ఒకవైపు. మధ్యాహ్నమంతా కొట్టాడు. వేళ్ళు పులుపుకు పగిలి మండుతుంటే ఊదుకుంటూ కొట్టాడు. అమ్మ సాయానికి వస్తే వద్దన్నాడు.

కొంచెంసేపటికి నన్ను పిలిచి, "రేయ్, ఆ తలుపెయ్యి," అన్నాడు. వేశాను. "కిటికీ కూడా." అదీ వేశాను. ఉక్కతో ఇల్లు ఉడికిపోతోంది. ఆయన గింజలు కొడుతూ, ఆ దెబ్బల మీదనే, చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

మొగుడు పోయిన ఏడు గూడా మోసులెత్తి కాసినావు
వానలేని ఏటిలోనూ వట్టి చెయ్యి చూపలేదు
ఎండకెదురు నిలబడినావు, ఎవరినీ అడగలేదు
అన్న చేయవలసిందంతా నువ్వు చేసినావు చింతా

అత్త చెట్టుకు ఆయన కట్టిన అసలు చరణం అది. ఆ మధ్యాహ్నం చింత కింద ఒక్కడే కూర్చుని కట్టాడట. అమ్మ వంటింటి గడపలో నిలబడి చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను జేబులోంచి ఫోను తీశాను. నాయన పాట ఆపి, నా చేతివైపు చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల పెట్టేశాను.

"అత్తకైనా పోయి చెప్తా నాయనా," అన్నాను. "ఇట్లా కట్టినాడని ఒక మాట చెప్తే చాలు, రేపే బస్సెక్కి వస్తాది."

నాయన ఒక గింజ కొట్టి పక్కన వేశాడు.

"వద్దు. చెప్తే అది ఊరంతా చెప్పుకుంటాది," అన్నాడు.